గాలికి మూల దొరకని ఇల్లు

చుట్టిల్లా, నా తల్లీ, నీకు దండం. మట్టిలో పుట్టి మట్టి మీదే మొలిచిన దానా, తాటాకు కురులు నేలదాకా విరబోసుకున్న దానా, మూలలెరుగని దానా, మొనలెరుగని దానా, తుపాను వచ్చి మీద పడినప్పుడు తల ఒకింత వంచి దారి ఇచ్చి, గాలి వెళ్లిపోయాక మళ్లీ పొయ్యి రాజేసుకున్న దానా, నడుం వంచనిదే ఎవరినీ నీ చూరు దాటనివ్వని దానా! వంగాను, వచ్చాను, నీ గడప మీద చెయ్యి ఆనించి కళ్లకద్దుకున్నాను. దండం.

చెన్నపట్నం దాటి దక్షిణంగా సాగే సముద్రపు రోడ్డు మీద, ముట్టుకాడు దగ్గర, తూర్పున బంగాళాఖాతం ఘోష, పడమట ఉప్పుటేటి మౌనం, నడుమ పదెకరాల తోపులో పాత ఇళ్ల కొలువు, దక్షిణచిత్ర. అక్కడ కొలువై ఉన్నావు నువ్వు. విశాఖ తీరాన హరిపురం నీ పుట్టిల్లు, తమిళుల కడలిగట్టు నీ మెట్టినిల్లు. అత్తవారింట ఉన్న ఆడపడుచును చూడబోయే పుట్టింటి మనిషిలా అత్తిలి నుంచి వచ్చాను నేను. సారెగా నా దగ్గర మాటలే ఉన్నాయి: మా కాలువగట్ల మాటలు, మా కొల్లేటి లంకల మాటలు, వెయ్యేళ్ల కిందటి మా రాగిరేకు మాటలు. తీసుకో తల్లీ, ఒడి పట్టు.

గాలికి కావలసింది మూల. మూల దొరికితే గాలి గోళ్లు దించుతుంది, మూల దొరికితే గోడను పట్టి గుంజుతుంది, మూల దొరికితే చూరు కింద చెయ్యి దూర్చి కప్పునంతటినీ పెళ్లగించి పొలాల మీద పారేస్తుంది. ఆ మూలనే నువ్వు గాలికి ఇవ్వలేదు. ఎటు నుంచి వచ్చినా దానికి ఎదురయ్యేది ఒకే గుండ్రం, ఒకే నునుపు, ఒకే నిబ్బరం. ఈశాన్యపు ఈదురు వచ్చి నీ నడుం చుట్టూ తిరిగింది. తూర్పు తుపాను వచ్చి నీ నడుం చుట్టూ తిరిగింది. పట్టు చిక్కక, పంతం చెల్లక, చివరికి అది ప్రదక్షిణమే అయింది. పగతో వచ్చిన గాలిచేత ప్రదక్షిణం చేయించుకున్న దేవతవు నువ్వు ఒక్కదానివే.

నీ చూరు ఎందుకంత కిందికి దిగిందో ఇప్పుడు తెలిసింది. వాన వాలుగా వచ్చినా నీ గోడ తడవకూడదు. ఎండ నిటారుగా దిగినా నీ అరుగు కాగకూడదు. తాటికమ్మ మీద తాటికమ్మ, వరస మీద వరస, నేర్పు మీద నేర్పు. చినుకు పడి జారి, జారి మరో కమ్మ మీద వాలి, వాలి మరో కమ్మను అడిగి, చివరికి నేలను చేరేసరికి దాని కోపమంతా కరిగి కాళ్లు కడిగే నీళ్లయిపోతుంది. ఆ కమ్మల కింద నీకింకో కప్పు ఉంది, మట్టితో మెత్తిన మిద్దెలాంటి అటక. పైకప్పును గాలి ఎత్తుకుపోయినా, నిప్పురవ్వ నాకేసినా, ఆ మట్టి అటక అడ్డుపడి కింద నిద్రపోయే పసివాళ్లను, కుండల్లోని గింజలను, గూట్లోని దీపాన్ని కాచుకుంటుంది. కప్పు పోతే పోనీ, కడుపు మిగలాలి అనుకున్నవాళ్లు కట్టిన ఇల్లు నువ్వు. ఎన్ని తుపానులు చూసి, ఎంతమందిని పోగొట్టుకుని, ఏ రాత్రి ఏ గోడ పక్కన కూర్చుని ఏడ్చి ఏడ్చి ఆ ఉపాయం కనిపెట్టారో! పేరు చెప్పుకోని ఆ తాతలకు, చేతులు చూపించుకోని ఆ అవ్వలకు, నీ ముందు నిలబడి మొక్కుతున్నాను.

నీ గోడ మీద అరచెయ్యి పెట్టాను. బయట మిట్టమధ్యాహ్నం, సముద్రపు ఉక్క, ఇసుక సెగ. నీ గోడ మాత్రం చల్లగా ఉంది. చెరువు అడుగు చల్లదనం, కుండ కింద కుదురు చల్లదనం, తొలకరి దుక్కిలో పాదం దిగబడినప్పటి చల్లదనం. ఈ మట్టిని ఎవరో తొక్కారు. నీళ్లు పోసి, ఊక కలిపి, మోకాళ్లదాకా దిగి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, పాట పాడుతూ తొక్కారు. ముద్ద మీద ముద్ద పెట్టి, ఒక వరస ఆరేదాకా ఆగి, ఆరాక మరో వరస ఎత్తి, తొందరపడకుండా, తడబడకుండా పెంచారు నిన్ను. గోడను పెంచారంటే నాకు నిజంగా బిడ్డను పెంచినట్టే వినిపిస్తుంది. ఆపైన ఆడవాళ్లు వచ్చారు. పేడా మట్టీ కలిపి అలికారు, అర్ధచంద్రాలుగా, అల అల మీదుగా, చెయ్యి తిరిగిన మేర. ఆ అలుకు గీతల్లో నాలుగు వేళ్లూ కనిపిస్తాయి. శిల్పం కింద సంతకం ఉంటుందో లేదో గాని, అలికిన గోడ అంతా సంతకమే.

లోపల చీకటి. అమ్మ కొంగు కింది చీకటి, గర్భగుడి చీకటి, గింజను మొలకెత్తించే చీకటి. కాసేపు ఏమీ కనబడలేదు. తర్వాత ఒక్కొక్కటే నన్ను పలకరించాయి. గోడలోనే పుట్టిన గూడు. నల్లగా నవ్విన కుండ. మనిషి గుప్పిట పట్టు గుర్తున్న తిరగలి పిడి. ఇక్కడే ఒకప్పుడు రోకటిపోటు పడి ఉంటుంది, ఇక్కడే కవ్వం గిరగిర తిరిగి ఉంటుంది, ఇక్కడే దాలిలో పిడకల సెగ మీద పాలు ఎర్రగా కాగి, మీగడ పసుపురంగు తేరి, పిల్లి కళ్లు వెలిగి ఉంటాయి. ఇక్కడే పురిటిమంచం, ఇక్కడే పెళ్లిపీట, ఇక్కడే చివరి తులసినీళ్లు. నాలుగు గోడల మధ్య బతుకు అంటారు అందరూ. నీకు నాలుగు గోడలు లేవు. ఉన్నది ఒక్కటే గోడ. అది ఎక్కడ మొదలైందో తెలియదు, ఎక్కడ ముగిసిందో తెలియదు, మధ్యలో మాత్రం మనుషులున్నారు.

నిన్ను ఇక్కడికి తెచ్చినవారిని తలుచుకోవాలి. అమెరికాలో పుట్టి, మద్రాసును ఇల్లు చేసుకుని, ఊరూరా తిరిగి, కూలిపోతున్న ఇళ్లను చూసి గుండె పట్టుకున్న డెబోరా త్యాగరాజన్‌ను తలుచుకోవాలి. 1984లో ఆమె మద్రాసు క్రాఫ్ట్ ఫౌండేషన్ పెట్టారు. 1996 డిసెంబరు 14న దక్షిణచిత్ర తలుపులు తెరిచింది. మట్టినీ ఇటుకనూ మనసారా ప్రేమించిన లారీ బేకర్ ఈ ఊరికి రూపురేఖలు గీశారు. ఊరనే అంటాను, సంగ్రహాలయం అనలేను. దూలానికి దూలం, తలుపుకు తలుపు విప్పి, గుర్తులు వేసి, బండ్లకెత్తి, ఆయా సీమల పనివాళ్లనే రప్పించి మళ్లీ నిలబెట్టిన ఇళ్లు ఇవి. చెట్టినాడు వర్తకుడి స్తంభాల హుందాతనం చూశాను, కేరళ చెక్క ఇళ్ల నిగనిగ చూశాను, ఇల్కల్ నేతగాడి రాతి ముంగిలి చూశాను. అన్నీ అందమైనవే. అయినా కాళ్లు మళ్లీ మళ్లీ నీ వాకిటికే వచ్చాయి. టేకు స్తంభాన్ని విప్పి తేవచ్చు. తాళం వేసిన తలుపును తాళంతో సహా మోసుకు రావచ్చు. మట్టి గోడను మాత్రం ఎవరు విప్పగలరు, ఏ బండి మీద ఎవరు మోయగలరు? నిన్ను తేవాలంటే మళ్లీ కనాల్సిందే. అడుసు మళ్లీ తొక్కాల్సిందే, ముద్ద మళ్లీ పెట్టాల్సిందే. అందుకే నువ్వు ఇక్కడ ఉన్న వాటిలో అందరికన్నా చిన్నదానివి, అందరికన్నా పెద్దదానివి.

నీ పక్కనే నీ చెల్లెలు, కొయ్యలగూడెం నేతింటి అమ్మాయి. నల్లగొండ సీమ బిడ్డ, రంగులు పుట్టినిల్లుగా గల బిడ్డ. నూలు పోగులకు ముడులు వేసి, ముడులతోనే బొమ్మ కట్టి, రంగులో ముంచి, ముడి విప్పి, మళ్లీ ముడి వేసి, మళ్లీ ముంచి, మగ్గమెక్కకముందే చీర కల కనే ఇల్లు అది. గుంటమగ్గంలో కాళ్లు, నాడె మీద చెయ్యి, పడుగు మీద కన్ను, పేక మీద ప్రాణం. నేతగాడు గుంటలో కూర్చుంటే నేలకు నడుందాకా నాటుకున్న చెట్టులా కనిపిస్తాడు. ఆ చెట్టు నుంచి ఆకులు రాలవు, అంచులు రాలతాయి. ఎరుపూ నలుపూ తెలుపూ కలిసి అంచులు మసకబారి, వానకారు సాయంత్రం మబ్బుగట్టులా, ఎక్కడ ఒక రంగు ఆగిందో ఎక్కడ మరొకటి మొదలైందో తెలియని మెత్తదనం. ఆ ఇంటి చప్పుడు నీదాకా వినిపిస్తూ ఉండాలని నా కోరిక. అక్క తాటాకు నేయించుకుంటుంది, చెల్లి నూలు నేసుకుంటుంది.

ఇక నా సారె విప్పుతాను తల్లీ.

మా అత్తిలి నువ్వెరగవు. తణుకుకూ భీమవరానికీ నడుమ, పచ్చటి వరిచేల నడుమ, కాలువ పక్కన కాలు చాచి కూర్చున్న ఊరు. ఇప్పుడంటే కాలువలు, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి గోదారి మా గుమ్మాలదాకా వచ్చింది. అంతకు ఎన్నో తరాల ముందే ఈ నేలకు పేరుంది, పెంపు ఉంది. తూర్పు చాళుక్యుల నాడు మా సీమను అత్తిలినాండు విషయం అనేవారు. 945లో వేంగి గద్దెనెక్కిన రెండో అమ్మరాజు, నన్నయ తెలుగు భారతానికి దాదాపు నూరేళ్ల ముందటివాడు, ఈ అత్తిలినాండులోని కలుచుంబర్రు అనే ఊరిని దానమిస్తూ రాగిరేకులు రాయించాడు. ఆ కలుచుంబర్రు మా మండలంలోని నేటి కంచుమర్రేనని పండితుల మాట. ఎల్లలు చెబుతూ ఆ రేకులు పలికిన ఆరువిల్లి ఇవాళ్టికీ మా పొరుగున ఆరవిల్లిగా ఉంది. రాజులు పోయారు, వేంగి పోయింది, పెదవేగిలో ఇటుక పునాదులూ మట్టిదిబ్బలూ మిగిలాయి. ఊళ్ల పేర్లు మాత్రం, నాలుక మీద నానిన ధాన్యపు గింజలు, ఇంకా మొలకెత్తుతూనే ఉన్నాయి.

ఆ దానం ఎందుకో తెలుసా? కోటకు కాదు, కొలువుకు కాదు, కత్తికి కాదు. సర్వలోకాశ్రయ జినభవనం అనే జైన ఆలయానికి ఒక అన్నశాల ఉండేది. దాని మరమ్మతు కోసం! పట్టవర్ధిక వంశంలో పుట్టిన చామెకాంబ అనే ఆమె తన గురువు అర్హనందికి ఆ ఊరు ఇప్పించింది. దానమూ దయా శీలమూ గల శ్రావకి అని రేకు ఆమెను పొగిడింది. ఆ పేరు చదివిన ప్రతిసారీ నా ఒళ్లు పులకరిస్తుంది. మా ఊరి చరిత్రలో తొలి వెలుగుల్లో ఒకటి ఒక ఆడమనిషి పెట్టించిన అన్నం మీద పడింది. చామెకాంబా, చల్లని తల్లీ, నీ అన్నశాల కప్పు ఏ వానకు కారిందో, ఏ గాలికి ఎగిరిందో, నువ్వు చూసి ఓర్వలేకపోయావు. రాజును అడిగావు. ఊరంత ఊరినే కప్పుగా తెచ్చి కప్పావు.

రాగిరేకు అంతవరకే చెబుతుంది. వరాహ ముద్ర వేసి, త్రిభువనాంకుశ బిరుదు చెక్కి, రాజుల వరస చెప్పి, ఎల్లలు చెప్పి, దానం చెరిచినవాణ్ణి శపించి, ఊరుకుంటుంది. ఆ అన్నశాలలో గంజి వార్చిన అవ్వ రాత్రి ఏ ఇంటికి వెళ్లింది? ఆ కట్టెలు కొట్టినవాడు ఏ చూరు కింద తడి తుడుచుకున్నాడు? ఆ ఊళ్లో బియ్యం చెరిగిన పిల్ల ఏ అరుగు మీద కూర్చుని ఎవరి కోసం ఎదురుచూసింది? రేకు ఎరగదు. రేకుకు తీరిక లేదు. తల్లీ, చుట్టిల్లా, ఆ మిగిలిన సగం నీ దగ్గర ఉంది. నీ వయసు నేను అడగను. నీ మట్టి నిన్నటిదైనా కావచ్చు, నీ కమ్మలు పోయినేటివైనా కావచ్చు. నీ గుండ్రం మాత్రం ఏనాటిదో! నీ చూరు వాలు ఏనాటిదో! నీ లోపల నిలబడగానే కలుచుంబర్రు వంటమనిషి ఇంటికి వచ్చిన చప్పుడు నాకు వినబడింది. కాళ్లు కడుక్కున్న చప్పుడు, ముంత నేలకు తగిలిన చప్పుడు, ఉస్సురని కూర్చున్న చప్పుడు.

రాగిది ఒక తీరు జ్ఞాపకం, మట్టిది ఒక తీరు జ్ఞాపకం. రాగి ఒక్కసారి చెక్కించుకుంటుంది, మారనని ఒట్టు పెట్టుకుంటుంది, మట్టిలో పూడిపోయి, నాగటి కర్రు తగిలి ఖంగుమనే దాకా శతాబ్దాలు నిద్రపోతుంది. మట్టి నిద్రపోదు. వానాకాలం కరుగుతుంది, ఎండాకాలం బీటలు తీస్తుంది, సంక్రాంతికి మళ్లీ అలికించుకుంటుంది. ఏటేటా చావబోయి ఏటేటా బతికించుకుంటుంది. తాటాకు మూడు నాలుగేళ్లకే మళ్లీ నేయమంటుంది. అడిగిన ప్రతిసారీ తాత మనవణ్ణి నిచ్చెనెక్కిస్తాడు, అత్త కోడలి చేతిలో అలుకుగుడ్డ పెడుతుంది. రాగిని చదవాలంటే లిపి రావాలి, పండితుడు కావాలి. నిన్ను చదవాలంటే చెయ్యి చాలు. చెడిపోయే గుణమే నీ ఆయుష్షు తల్లీ! చెడకపోతే నిన్ను ఎవరూ ముట్టుకోరు, ముట్టుకోకపోతే ఎవరికీ నువ్వు రావు. రాగి రాజును దాచింది, మట్టి మనిషిని దాచింది. రెండింటికీ మొక్కుతాను, నీకు ఒక గుప్పెడు ఎక్కువ.

ఇక్కడ పిల్లలు వస్తారు, బళ్ల నుంచి బారులు తీరి, తమిళమూ తెలుగూ కన్నడమూ మలయాళమూ కలగలిపి గలగలమంటూ. సారె చుట్టూ మూగుతారు. అవును, కుమ్మరి సారె! బంకమట్టి ముద్ద నడుమ బొటనవేలు దించగానే లోకం తెరుచుకున్నట్టు మొహాలు పెడతారు. వాళ్ల వేళ్ల కింద మట్టి ఊగుతుంది, లేస్తుంది, లేచినట్టే లేచి కూలిపోతుంది. కిలకిల నవ్వుతారు, మళ్లీ మొదలుపెడతారు. గాజు ఊదేవాడి మంట దగ్గర నోరు తెరుస్తారు. బుట్ట అల్లే చేతుల వేగానికి కళ్లు తిప్పుతారు. బల్ల మీద అద్దాల్లో పెట్టి ముట్టుకోవద్దని రాసిన కాలాన్ని నేను చాలా చోట్ల చూశాను. ఆ కాలం నన్ను చూడలేదు. ఇక్కడి కాలం ముట్టుకోమంటుంది, ఒళ్లో కూర్చోమంటుంది, గోళ్లలో మట్టి నింపి ఇంటికి పంపుతుంది.

తల్లీ, 1996 నీకు గుర్తుండాలి. ఆ నవంబరు 6 రాత్రి ఇదే సముద్రం మా గోదారి మొగల మీద విరుచుకుపడింది. కోనసీమలో కొబ్బరి చెట్లు నేలను ముద్దాడాయి, లంకల్లో దీపాలారిపోయాయి, వెయ్యిమందికి పైగా తెల్లారకుండానే పోయారు. తెల్లారాక ఊళ్లు చూస్తే రేకులు ఎగిరి, గోడలు ఒరిగి, తలుపులు ఎక్కడివో ఎక్కడో. అక్కడికి నలభై రోజులైనా కాకముందే, అదే సముద్రపు గట్టు మీద దక్షిణంగా ఈ దక్షిణచిత్ర కళ్లు తెరిచింది. కాకతాళీయమే కావచ్చు. నాకు మాత్రం అది ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచిన సముద్రుడి పశ్చాత్తాపంలా తోస్తుంది. గాలికి మూల ఇవ్వవద్దన్న పాఠం మన ముత్తాతలకు వచ్చు. మనం మరచాం. నాలుగు మూలల ఇళ్లు కట్టి, నాలుగు పక్కలా గాలికి పిడులు అమర్చి ఇచ్చాం.

మరచినా నేల పూర్తిగా మరవలేదు తల్లీ, అది కూడా నీకు చెప్పాలనే వచ్చాను. మా వైపు నూర్పులైనాక గడ్డిమేటు వేస్తారు, చూడు, అది నీ మేనకోడలు. ధాన్యం నిలవకు గడ్డివెంటి పేని, చుట్టు మీద చుట్టు తిప్పి, కింద నుంచి పైకి పెంచుతూ పోసే పురి, అది నీ ఒడిలో పుట్టిన బిడ్డ. గుండ్రంగా, బొద్దుగా, మూలా మొనా లేకుండా, నెత్తిన గడ్డి గొడుగుతో, అచ్చం నువ్వే. ఇంటి యజమాని ఇల్లు మార్చుకున్నాడు గాని గింజలకు మాత్రం పాత ఇల్లే కట్టాడు. మనిషి కన్నా గింజకే నీ మీద నమ్మకం ఎక్కువ. ఇప్పుడు ఆ పురులూ తగ్గిపోయాయి. కోసిన వడ్లు కోసినట్టే బస్తాలకెక్కి మిల్లులకు పోతున్నాయి. తాటిచెట్లు గట్ల మీద నుంచి ఒక్కొక్కటే దిగిపోతున్నాయి, చేలు చేపల చెరువులైపోతున్నాయి. కొల్లేటి లంకల్లో, పెద్దింట్లమ్మ కొలువున్న కొల్లేటికోట దారిలో, చేపలు పట్టే వడ్డీల ఊళ్లలో తాటాకు నేసే చేతులు ఇంకా ఉన్నాయి. ముసలి చేతులు. ముడతల్లో మెలకువ దాచుకున్న చేతులు. పశువుల పాకకో, చెరువు కాపలా గుడిసెకో పిలిస్తే వస్తాయి. ఇంటికి పిలిచి ఎన్నాళ్లయిందో!

అందుకే నీ దగ్గర ఒక వరం అడుగుతున్నాను. హరిపురం నుంచి ముట్టుకాడు రాగలిగిన దానివి, ముట్టుకాడు నుంచి అత్తిలి రాలేవా? విప్పి తేవడానికి నీలో ఏమీ లేదన్నావు, మళ్లీ కనమన్నావు. కంటాం. మా కాలువగట్టున నల్లరేగడి ఉంది, ఊక ఉంది, పేడ ఉంది, గట్ల మీద మిగిలిన తాళ్లు ఉన్నాయి. వేంగి రాజుల మట్టిదిబ్బలకు కాపలా కాయడం ఒక్కటే చరిత్ర కాదని మా పిల్లలకు నీ గోడ చేత చెప్పించాలి. నీ చుట్టూ ఒక వాకిలి, వాకిట్లో ఒక రోలు, ఒక గుంటమగ్గం, ఒక కుమ్మరి సారె, ఒక పురి. నీ పక్కన ఒక అన్నశాల, దానికి చామెకాంబ పేరు. వచ్చినవాళ్లకు పిడికెడు మెతుకులు, పచ్చిపులుసు, మజ్జిగ. ఏటా ఒకసారి పిల్లలే తొక్కిన మట్టితో నీకు కొత్త పూత, మూడేళ్లకోసారి ఆ ముసలి చేతులే పైకెక్కించిన కొత్త కమ్మలు.

మార్గశిరంలో మా ఊళ్లో సుబ్బరాయుడి షష్ఠి. అప్పటికి ఊళ్లకు ఊళ్లే బళ్లు కట్టుకుని వచ్చినట్టు వస్తాయి, తిరనాళ్లంతా జీళ్లూ ఖర్జూరాలూ రంగులరాట్నాలూ. ఆ జనం నడుమ నిన్ను నిలబెట్టాలి. కార్తీకం లోపు గోడ ఎత్తాలి, ఆరడానికి ఎండ చూసుకోవాలి, కమ్మలు ఎండబెట్టుకోవాలి, వాసాలకు తాటిదుంగలు చీల్చుకోవాలి. కంచుమర్రు వాళ్లకు కబురంపుతాను, ఆరవిల్లి వాళ్లకు కబురంపుతాను, ఈడూరు, మంచిలి, వరిఘేడు, పాలూరు, కొమ్మర వాళ్లను పేరుపేరునా పిలుస్తాను. కొల్లేటి తాతలను నేనే వెళ్లి పడవెక్కించుకు వస్తాను. అయ్యలారా, అమ్మలారా, అన్నలారా, చెల్లెళ్లారా, చీరలు ఎగదోపుకోండి, పంచెలు మడిచి కట్టుకోండి, పిల్లల్ని బడి నుంచి నేరుగా ఇటే రమ్మనండి. నీళ్లు పోశాం, ఊక చల్లాం, అడుసు సిద్ధంగా ఉంది, దిగండి!